మట్టికింద ఉక్కుకు పూతే రక్ష

2010 జూలై 25వ తేదీ, ఆదివారం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మార్షల్ అనే చిన్న పట్టణం. సాయంత్రం ఆరు గంటలు కావస్తుండగా, ఊరి సమీపంలోని చిత్తడి నేలలో పాతిపెట్టిన 30 అంగుళాల చమురు గొట్టం ఒకటి పొడవునా చీలిపోయింది. చీలిక పొడవు సుమారు 6 అడుగుల 8 అంగుళాలు. దానిలో నుంచి నల్లని ముడిచమురు ఉబికి వచ్చి, పక్కనున్న వాగులోకి, ఆ వాగు నుంచి కాలమజూ నదిలోకి ప్రవహించసాగింది.

ఎక్కడో కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో, నియంత్రణ గదిలో కూర్చున్న ఉద్యోగుల ముందు హెచ్చరిక గంటలు మోగాయి. గొట్టం పగిలిందని వారికి తోచలేదు. లోపల చమురు ధార తెగి, మధ్యలో ఖాళీ ఏర్పడి ఉంటుందని భావించారు. ఆ ఖాళీని పూరించాలని మరునాడు తెల్లవారుజామున ఒకసారి, ఉదయం మరొకసారి పంపులు నడిపారు. ఊరిలోని జనం ఏదో ఘాటైన వాసన వస్తున్నదని రాత్రే ఫిర్యాదు చేశారు. అగ్నిమాపక సిబ్బంది వచ్చి వెదకి, ఏమీ కనిపించక తిరిగి వెళ్లారు. చివరకు 17 గంటల తరువాత, వేరొక సంస్థకు చెందిన ఉద్యోగి ఒకరు చమురును చూసి కబురు చేసేదాకా అసలు సంగతి తెలియలేదు. అప్పటికి సుమారు 8,43,000 గ్యాలన్లు, అంటే 32 లక్షల లీటర్ల దాకా చమురు నేలపాలైంది. ప్రాణనష్టం జరుగలేదుగాని, వందలాది మంది అస్వస్థులయ్యారు. నదిని శుభ్రపరచడానికి సంవత్సరాలు పట్టింది. ఖర్చు నూరు కోట్ల డాలర్లను మించిపోయింది.

నియంత్రణ గదిలో జరిగిన పొరపాట్లను గురించి ఆనాడు పత్రికలు విరివిగా వ్రాశాయి. అయితే గొట్టం అసలెందుకు పగిలింది? అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో తన నివేదికలో చెప్పిన సమాధానం మొదట వినడానికి చాలా అల్పంగా తోస్తుంది. 1969లో ఆ గొట్టాన్ని పాతిపెట్టినప్పుడు తుప్పు పట్టకుండా దానికి పాలిథిలీన్ టేపు చుట్టారు. కాలక్రమాన ఆ టేపు ఉక్కును పట్టుకొని ఉండే పట్టును విడిచింది. సందున తేమ చేరింది. తుప్పు పట్టింది, సన్నని పగుళ్లు పుట్టాయి, ఆ పగుళ్లు పెరిగి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. పావు అంగుళం మందం గల ఉక్కు గోడ ఒకనాడు ఒత్తిడికి తాళలేకపోయింది.

ఇందులో గమనించవలసిన విశేషం ఒకటున్నది. ఆ టేపు కుళ్లిపోయి మాయం కాలేదు. ప్లాస్టిక్కు మట్టిలో అంత సులభంగా నశించదు. అది గొట్టాన్ని అంటిపెట్టుకొనే గుణాన్ని మాత్రమే కోల్పోయింది. పూత ఉన్నది, కాని కాపాడలేదు. పైగా, ఇకముందు చూడబోతున్నట్లు, తుప్పును ఆపగలిగిన మరొక రక్షణకు కూడా అడ్డు నిలిచింది. రక్షక పూతల మన్నికను గురించి ఇంజనీర్లు గత వంద సంవత్సరాలలో నేర్చుకొన్న పాఠాల సారాంశం ఈ ఒక్క ఉదంతంలో కనిపిస్తుంది.

ఇనుము పుట్టింటికి పోయే దారి

ఇనుము ప్రకృతిలో విడిగా దొరకడం అరుదు. ఆక్సిజన్‌తో కూడిన ఖనిజంగానే గనులలో దొరుకుతుంది. కొలిమిలో ఎంతో వేడిని వెచ్చించి మనం దానిని లోహంగా మారుస్తాము. అవకాశం దొరికినప్పుడల్లా అది తన పూర్వస్థితికి పోవాలని చూస్తుంది. ఆ తిరుగు ప్రయాణానికే తుప్పు అని పేరు. కావలసిన సంభారాలు రెండే: నీరు, గాలి. ఈ సంగతి మన పల్లెటూళ్లలో అందరికీ తెలుసు. పొలం పనులు ముగిశాక నాగటి కర్రును, కొడవలిని శుభ్రంగా తుడిచి, నూనె రాసి అటక మీద పెడతారు. ఇనుప పెనాన్ని కడిగి తడిగా వదిలితే ఇల్లాలు ఊరుకోదు. ఉక్కుకూ తేమకూ మధ్య ఒక పొరను నిలపడమే పూత చేసే పని. నూనె రాసిన కొడవలి, పూత పూసిన పైపులైను, రెండింటి సూత్రమూ ఒకటే.

తుప్పు నిజానికి ఒక విద్యుత్ ప్రక్రియ. తడి మట్టిలో ఉన్న గొట్టంపై కొన్ని చోట్ల ఇనుము కరిగి, విద్యుత్తును మట్టిలోకి విడుస్తుంది. మరికొన్ని చోట్ల ఆ విద్యుత్తు తిరిగి గొట్టంలో ప్రవేశిస్తుంది. గొట్టమే తీగ, తడి మట్టే బ్యాటరీలోని ద్రవం. ఈ విధంగా ఒక ఆంపియరు విద్యుత్తు ఏడాది పొడవునా ఉక్కును విడిచి పోతే, సుమారు 9 కిలోల ఇనుము కరిగిపోతుంది. ఆ నష్టం కిలోమీటరు పొడవునా సమానంగా పరచుకొంటే కంటికి కనబడదు. కాని ఒకే చోట కేంద్రీకృతమైతే పరిస్థితి వేరు. రూపాయి నాణెమంత చోటు నుంచి ఆంపియరులో వెయ్యవ వంతు మాత్రమే పోతున్నదనుకొందాం. పావు అంగుళం మందమైన గోడకు అక్కడ మూడేళ్లు నిండకముందే రంధ్రం పడుతుంది. పైపులైను ఇంజనీరుకు మొత్తం తుప్పు ఎంత అన్నదానికంటె అది ఎక్కడ గూడు కట్టిందన్నదే ముఖ్యం.

తుప్పు ప్రసంగం వచ్చినప్పుడు ఢిల్లీలోని ఇనుప స్తంభాన్ని తలవకుండా ఉండలేము. సుమారు 1,600 సంవత్సరాలుగా ఎండకూ వానకూ నిలిచిన ఆ స్తంభపు రహస్యాన్ని కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన లోహశాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రహ్మణ్యం విశదీకరించారు. ప్రాచీన పద్ధతిలో తీసిన ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దాని ప్రభావం వలన స్తంభం ఉపరితలంపై ఇనుము, భాస్వరం కలిసిన పలుచని స్ఫటిక పొర ఏర్పడింది. స్తంభం తన కవచాన్ని తానే తయారు చేసుకొన్నదన్నమాట. అయితే సాధారణంగా ఎవరూ చెప్పని సంగతి మరొకటున్నది. ఈ కీర్తి అంతా గాలిలో ఉన్న భాగానికే చెల్లుతుంది. భూమిలో పాతిన భాగాన్ని 1961లో తవ్వి చూసినప్పుడు అక్కడ తుప్పు కనిపించింది. దానిని శుభ్రపరచి, సీసపు రేకు తొడిగి మళ్లీ పాతారు. గాలిలో పదహారు శతాబ్దాలు నెగ్గిన ఇనుముకైనా మట్టికింద కవచం అవసరమైంది!

ఇద్దరు కాపలాదారులు

పైపులైనుకు కాపలాదారులు ఇద్దరు. మొదటివాడు పూత. రెండవవాడు విద్యుత్తు. ఈ రెండవవాని కథ 1824లో ఇంగ్లండులో మొదలైంది. యుద్ధనౌకల అడుగున తాపడం చేసిన రాగి రేకులు సముద్రజలానికి క్షయిస్తుండగా, సర్ హంఫ్రీ డేవీ వాటికి ఇనుము, జింకు వంటి లోహాల చిన్న ముక్కలు తగిలించాడు. ఆ ముక్కలు తాము కరిగిపోయి రాగిని కాపాడాయి. అయితే రాగి కరగడం మానేసరికి దాని విషానికి ఇంతకాలం దూరంగా ఉన్న గుల్లలు, నాచు నౌకల అడుగుకు దట్టంగా పట్టి, ప్రయాణవేగం తగ్గిపోయింది. ఒక చోట రక్షణ కల్పిస్తే మరొక చోట దాని ఫలితం ఎలా ఉంటుందో చూసుకోవాలన్న పాఠం ఆనాడే లభించింది.

వంద సంవత్సరాల అనంతరం, 1928లో, రాబర్ట్ కూన్ అనే ఇంజనీరు అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ వద్ద ఒక వాయు పైపులైనుకు ఇదే సూత్రాన్ని అన్వయించాడు. బయటి నుంచి విద్యుత్తును మట్టి ద్వారా గొట్టంలోకి పంపితే, ఇనుము కరిగి పోవలసిన చోటనే విద్యుత్తు లోపలికి వస్తుంది. కరగడం ఆగిపోతుంది. గొట్టం ఋణధ్రువంగా మారుతుంది కనుక దీనిని ఋణధ్రువ రక్షణ అంటారు. మట్టిలో ఉంచిన రాగి ప్రమాణ ధ్రువంతో పోల్చినప్పుడు గొట్టపు విద్యుత్ స్థాయి మైనస్ 0.85 వోల్టుకు చేరితే రక్షణ లభించినట్లేనని కూన్ గుర్తించాడు. ఆ అంకె నేటికీ ప్రపంచమంతటా ప్రమాణంగా చెల్లుతున్నది.

మరి విద్యుత్తే కాపాడగలిగినప్పుడు పూత ఎందుకు? లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. 18 అంగుళాల గొట్టం ఒక కిలోమీటరుకు సుమారు 1,400 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. పూత లేని ఉక్కుకు తడి మట్టిలో చదరపు మీటరుకు 20 మిల్లీ ఆంపియర్లు కావాలనుకొంటే, కిలోమీటరుకు 28 ఆంపియర్లు అవసరం. మంచి పూత ఉన్న గొట్టానికి ఇందులో వందల వంతు తక్కువ చాలు. వేల కిలోమీటర్ల లైనుకు ఈ తేడా ఎంత పెద్దదో ఊహించవచ్చు. పూత ఉక్కులో నూటికి తొంభైతొమ్మిది పాళ్లను కప్పుతుంది. రవాణాలో, తవ్వకంలో గీసుకుపోయిన ఆ మిగిలిన కొద్ది చోటును విద్యుత్తు కాపాడుతుంది. ఒకరు లేకుండా మరొకరు లేరు.

అయితే వీరిద్దరూ ఎప్పుడూ సఖ్యంగా ఉండరు. పూతలో చిల్లు పడిన చోట విద్యుత్తు ప్రవేశించినప్పుడు అక్కడ క్షారం పుడుతుంది. ఆ క్షారం చిల్లు అంచుల వద్ద పూత పట్టును మెల్లగా వదులు చేస్తుంది. విద్యుత్తును మరీ ఎక్కువగా పంపితే పూత ఇంకా త్వరగా లేచిపోతుంది. రక్షణను పెంచుతున్నామనుకొని రక్షణనే చెరుపుకొనే ప్రమాదం ఇక్కడ పొంచి ఉన్నది.

తారు నుంచి పొడిపూత దాకా

ఇరవయ్యవ శతాబ్దంలో చాలాకాలం పైపులైను పూతలకు రాజు బొగ్గు తారు. కోల్‌టార్ ఎనామెల్‌ను బానలలో కాచి, గొట్టంపై పోసి, గాజునార గుడ్డ చుట్టేవారు. నీటిని రానివ్వని గుణంలో దానికి సాటి తక్కువ. దశాబ్దాలు గడిచిన తరువాత తవ్వి చూసినా చెక్కుచెదరని తారు పూతలు కనిపించిన సందర్భాలు అనేకం. కాని చలికి పెళుసెక్కుతుంది, వేడికి జారుతుంది. అంతకంటె ముఖ్యంగా, కాగే తారు పొగలో క్యాన్సరు కలిగించే పదార్థాలున్నాయి. గొట్టానికి దీర్ఘాయువు పోసిన పూత, పూసే కార్మికుని ఆయువుకు ముప్పు తెచ్చింది. అనేక దేశాలు దానిని క్రమంగా విడిచిపెట్టడానికి ఇదొక ప్రధాన కారణం.

తరువాత ప్లాస్టిక్కు టేపుల యుగం వచ్చింది. బానలు లేవు, పొగ లేదు. గొట్టాన్ని గోతిలోకి దించే ముందు అక్కడికక్కడే యంత్రంతో, గాయానికి కట్టు కట్టినట్లు, టేపును చుట్టుకుంటూ పోవచ్చు. 1950 నుంచి 1980 దాకా ప్రపంచంలో వేలాది కిలోమీటర్లకు ఈ విధంగానే పూత వేశారు. చౌక, సులభం, చూపుకు నునుపు. దోషాలు ఆ తరువాత బయటపడ్డాయి.

1960 ప్రాంతంలో మరొక దారి తెరచుకొన్నది. ఉక్కును కర్మాగారంలోనే దాదాపు 230 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, దానిపై ఎపాక్సీ పొడిని చల్లుతారు. పొడి కరిగి, పరచుకొని, కొద్ది క్షణాలలో గట్టిపడి, ఉక్కును రసాయనికంగా పట్టుకొంటుంది. ఎపాక్సీకి ఉక్కుతో స్నేహం ఎక్కువ, కాని రాతి దెబ్బకు నిలిచే శక్తి తక్కువ. పాలిథిలీన్‌కు దెబ్బకు ఓర్చే శక్తి ఎక్కువ, ఉక్కుతో స్నేహం తక్కువ. 1970 దశకం చివర ఐరోపాలో ఈ రెండింటికీ పెండ్లి చేశారు. అడుగున ఎపాక్సీ, నడుమ జిగురు వంటి సంధాన పదార్థం, పైన రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పాలిథిలీన్. ఈ మూడు పొరల పూతే నేడు మన దేశంలోని కొత్త పైపులైనులకు ఎక్కువగా వాడుకలో ఉన్నది. నల్లని ఆ గొట్టాలను లారీల మీద తరలిస్తుండగా చూడని వారుండరు. ఆ నలుపు అందానికి కాదు. పాలిథిలీన్‌ను ఎండ చెరపకుండా కలిపిన కర్బనపు మసి రంగు అది.

పూతకు శత్రువులు

పూత మన్నికను పదార్థం ఒక్కటే నిర్ణయించదు. అన్నిటికంటె ముందు, అది అంటుకొనే ఉపరితలం నిర్ణయిస్తుంది. తడి గోడకు సున్నం వేస్తే పొక్కులై రాలినట్లే, మురికి ఉక్కుపై ఎంత ఖరీదైన పూత వేసినా నిలువదు. అందుచేత కర్మాగారంలో ఉక్కు రవ్వలను వేగంగా చిమ్మి, తుప్పునంతటినీ రాల్చి, గొట్టాన్ని బూడిదరంగు తెలుపుగా తేలుస్తారు. ఆ దెబ్బలకు ఉపరితలం గరుకై, మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతో పదవ వంతో లోతుగల గుంటలు ఏర్పడుతాయి. పూతకు అవే పట్టుకొమ్మలు. సముద్రతీరాన నిలువ ఉంచిన గొట్టాలపై కంటికి కనిపించని ఉప్పు ఉంటుంది. అది పూతకింద మిగిలిపోతే, తేమను లోపలికి లాగి పొక్కులు తెస్తుంది.

రెండవ శత్రువు కీలు. గొట్టాలు సాధారణంగా 12 మీటర్ల పొడవున వస్తాయి. అంటే కిలోమీటరుకు 80కి పైగా కీళ్లు. కర్మాగారంలో ఎంత శ్రద్ధగా పూత వేసినా, ఈ కీళ్లను వెల్డింగు చేసిన తరువాత పొలంలోనే, ఎండలో, దుమ్ములో, వాన మబ్బుల కింద పూత వేయవలసి వస్తుంది. వేడికి ముడుచుకొనే ప్లాస్టిక్కు తొడుగును చుట్టి, మంటతో కాచి, ఉక్కుకు అతికిస్తారు. ఉక్కు ఉష్ణోగ్రత మంచు కురిసే స్థాయికంటె కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలని నియమం. లేకుంటే కంటికి ఆనని తేమపొర మీదనే తొడుగు కూర్చుంటుంది. సాయంత్రం పని త్వరగా ముగించాలన్న ఆత్రం, ముప్ఫై ఏళ్ల తరువాత జరిగే ప్రమాదానికి బీజం కావచ్చు. లైను ఆయువు కర్మాగారపు యంత్రం చేతిలో ఎంత ఉన్నదో, మంట పట్టుకొన్న కార్మికుని ఓర్పులోనూ అంతే ఉన్నది.

మూడవది మట్టి. మన నల్లరేగడి సంగతి రైతులకు చెప్పనవసరం లేదు. వేసవిలో కాలు దిగేంత నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బి బిగుసుకొంటుంది. అటువంటి నేల ఏటేటా గొట్టపు పూతను పట్టి లాగుతూ ఉంటుంది. మెత్తని జిగురుతో అతికించిన టేపు ఆ లాగుడుకు జారి, ముడతలు పడి, సందులు తెరుచుకొంటుంది. రాతి నేలలో గోతిని పూడ్చేటప్పుడు పడే కోసు రాళ్లు మరొక బెడద. అందుకే అటువంటి చోట్ల గొట్టం చుట్టూ జల్లించిన మెత్తని మట్టినో ఇసుకనో వేస్తారు.

నాలుగవది వేడి. వాయువును నొక్కి పంపే కేంద్రాల వద్ద అది వేడెక్కి బయలుదేరుతుంది. ఆ సమీపంలోని గొట్టాలపై పూతలు త్వరగా ముసలివవుతాయి. ఒకే లైనుకు, ఒకే రోజున వేసిన పూతే అయినా, ఒక చోట యాభై ఏళ్లు నిలిచి, మరొక చోట ఇరవై ఏళ్లకే విఫలం కావడానికి ఇటువంటి కారణాలే ఉంటాయి.

కప్పిపుచ్చే పూత

ఇప్పుడు మళ్లీ మార్షల్ పట్టణానికి వద్దాం. ఆ గొట్టాన్ని ఉక్కు పలకను చుట్టి, పొడవునా వెల్డింగు చేసి తయారుచేశారు. వెల్డింగు గీత కొంచెం ఎత్తుగా ఉంటుంది. దానిపై టేపు చుట్టినప్పుడు, గుంజ మీద పరచిన గుడారంలాగా, గీతకు ఇరువైపులా సన్నని ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలోకి నేలలోని నీరు చేరింది. రెండవ కాపలాదారైన విద్యుత్తు అక్కడికి చేరగలిగితే ప్రమాదం తప్పేది. కాని పాలిథిలీన్ విద్యుత్తును పోనివ్వదు. నీటిని లోపలికి రానిచ్చి, విద్యుత్తును బయటనే నిలిపివేసింది. గొట్టం మీదుగా మట్టిపై నడిచి కొలతలు తీసుకొన్నవారికి మైనస్ 0.85 వోల్టు చక్కగా లభిస్తూనే ఉండవచ్చు. టేపుకింద మాత్రం ఉక్కు అనాథ.

ఇదే ప్రమాదం వేరొక రూపంలో 2015 మే 19న కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా తీరాన సంభవించింది. అక్కడి 24 అంగుళాల గొట్టంలో చిక్కని చమురును వేడిగా పంపేవారు. వేడి పోకుండా పూతపై నురుగు ప్లాస్టిక్కు, దానిపై టేపు తొడిగారు. ఆ తొడుగుకింద తేమ చేరి తుప్పు పట్టింది. ప్రమాదానికి రెండు వారాల ముందే లోపల పరీక్షా యంత్రాన్ని నడిపారు. చీలబోయే చోట గోడ మందంలో 47 శాతం పోయిందని యంత్రం సూచించింది. చీలిన తరువాత కొలిస్తే పోయినది 89 శాతం! వేల పీపాల చమురు ఒలికి, కొంత సముద్రంలో కలిసింది.

పూత విఫలం కావడంలో రెండు రకాలున్నాయి. ఒక పూత చిల్లు పడితే, ఆ చిల్లు బయటకు కనిపిస్తుంది. విద్యుత్తు అక్కడకు చేరి కాపాడుతుంది, కొలతలలో లోపం తెలుస్తుంది, మరమ్మతు చేయవచ్చు. మరొక పూత పైకి చెక్కుచెదరకుండా ఉండి, లోపల లేచిపోయి, తుప్పును కప్పిపుచ్చుతుంది. ఎపాక్సీ పొడిపూత పట్టు తప్పినా కొంత విద్యుత్తును పోనిస్తుంది కనుక దాని వైఫల్యం మొదటి రకానికి దగ్గర. టేపు వైఫల్యం రెండవ రకం. నేటి మూడు పొరల పూతలోనూ పై పొర పాలిథిలీనే కనుక, అది ఉక్కు నుంచి లేచిపోతే ఇదే ప్రమాదం ఉన్నది. అందుకే దాని కింది ఎపాక్సీ పొర నాణ్యతపై ఇంజనీర్లు అంత పట్టుదల చూపుతారు. పూతను ఎంచుకొనేటప్పుడు అది ఎన్నేళ్లు నిలుస్తుందని అడగడం సహజం. చెడినప్పుడు చెడినట్లు తెలియజేస్తుందా అని అడగడం అంతకంటె అవసరం.

28 రోజులలో యాభై ఏళ్లా?

కొత్త పూతను ఎలా పరీక్షిస్తారు? పూతలో కావాలని ఒక చిల్లు చేసి, ఉప్పునీటిలో ఉంచి, విద్యుత్తు పంపి, 28 రోజుల తరువాత ఆ చిల్లు చుట్టూ పూత ఎంతమేర లేచిందో కత్తితో ఎత్తి చూస్తారు. పాలిథిలీన్ పూతలపై 25,000 వోల్టుల వరకు విద్యుత్ బ్రష్షును నడుపుతారు. సూదిమొనంత రంధ్రం ఉన్నా నిప్పురవ్వ ఎగిరి తెలియజేస్తుంది. పూతను పట్టీగా కోసి, పీకడానికి ఎంత బలం కావాలో కొలుస్తారు.

ఇవన్నీ అవసరమైన పరీక్షలే. అయితే ఇవి చెడ్డ పూతను తిరస్కరించడానికి పనికివస్తాయేగాని, మంచి పూతకు జాతకం చెప్పలేవు. 28 రోజుల ఉప్పునీరు యాభై ఏళ్ల నల్లరేగడికి సమానం కాదు. పూత మన్నికకు తుది పరీక్ష నేలలోనే జరుగుతుంది. అందువలన పాతిన లైనుపై నడుస్తూ, మట్టిలోని విద్యుత్ స్థాయిలో తేడాలను కొలిచి, పూత ఎక్కడ చిల్లు పడిందో గుర్తిస్తారు. లోపలి నుంచి అయస్కాంత పరికరాలు గల యంత్రాన్ని పంపి గోడ పలుచబడిన చోట్లను కనిపెడతారు. రెండింటినీ కలిపి చూసి, అనుమానించిన చోట తవ్వి, కంటితో పరిశీలిస్తారు. శాంటా బార్బరా అనుభవం తరువాత ఈ మూడవ మెట్టును ఎవరూ తేలికగా తీసుకోరాదు. కొలత ఎంత గొప్పదైనా, గునపం చెప్పే సాక్ష్యం వేరు.

మన నేల కింద

అస్సాంలోని నహర్‌కటియా నుంచి బీహారులోని బరౌనీ వరకు 1,157 కిలోమీటర్ల ముడిచమురు లైను 1960 దశకంలోనే పూర్తయింది. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్‌కు 48 అంగుళాల వాయు పైపులైను 2009లో నడవడం ప్రారంభించింది. విశాఖపట్నం నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాదుకు పెట్రోలియం ఉత్పత్తులు భూమికిందనే ప్రయాణిస్తాయి. మనం నడిచే రోడ్ల పక్కన, దున్నే పొలాల కింద, ఈ లైన్లు నిశ్శబ్దంగా పనిచేస్తూ ఉన్నాయి.

పై పూత ఎంత మంచిదైనా దానికొక హద్దున్నదని తెలుగువారు మరచిపోలేని రోజు 2014 జూన్ 27. ఆనాటి తూర్పు గోదావరి జిల్లాలో, నేడు కోనసీమ జిల్లాలో ఉన్న నగరం గ్రామంలో, తెల్లవారుతుండగా 18 అంగుళాల వాయు గొట్టం పగిలి మంటలు చెలరేగాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇళ్లు, కొబ్బరి తోటలు మాడిపోయాయి. అక్కడ తుప్పు లోపలి నుంచి వచ్చింది. పొడి వాయువు కొరకు ఉద్దేశించిన గొట్టంలో నీరు, ఇతర ద్రవాలు కలిసిన వాయువు ప్రవహించడాన్ని విచారణ ఎత్తిచూపింది. బయటి పూత లోపలి నీటిని ఏమీ చేయలేదు. లోపలి రక్షణకు వాయువును ఆరబెట్టాలి, గొట్టంలో నిలిచిన నీటిని తరచు తుడిచి తీయాలి, తుప్పును అణచే రసాయనాలు కలపాలి. కోటకు ప్రాకారం ఉన్నదని బావిలో నీటిని పరీక్షించకుండా ఉండరు గదా!

మన పొలాల గుండా పోయే లైన్లకు భూమిని సాధారణంగా కొనరు. 1962 నాటి చట్టం ప్రకారం వినియోగపు హక్కును మాత్రమే తీసుకొంటారు. రైతు యథాప్రకారం పైరు వేసుకోవచ్చు. కాని ఆ పట్టీపై ఇల్లు కట్టరాదు, బావి, చెరువు తవ్వరాదు, చెట్లు నాటరాదు. చెట్టు మీద ఈ ఆంక్ష ఎందుకని చాలామంది ఆశ్చర్యపడతారు. వేళ్లు పూతను చుట్టుకొని, ఒరసి, చీల్చగలవు. మూడు మిల్లీమీటర్ల పూతకు కొబ్బరి వేరు సామాన్యమైన శత్రువు కాదు.

వేరుకంటె బలమైనది తవ్వకపు యంత్రం పన్ను. కాలువ పూడిక తీస్తూనో, చేపల చెరువు తవ్వుతూనో యంత్రం గొట్టాన్ని ఒక్కసారి గీరుతుంది. గొట్టం పగలదు, వాసన రాదు, మంట లేదు. తవ్వినవాడు భయపడి మట్టి కప్పి వెళ్లిపోతాడు. ఆ క్షణం నుంచి అక్కడి లెక్క మారిపోతుంది. పైన మనం వేసిన రూపాయి నాణెం లెక్క అదే. పైపులైను మార్గాన పాతిన గుర్తు రాళ్లపై సంస్థ ఫోను నంబరు ఉంటుంది. ఆ గీతను గురించి అదేరోజు కబురు చేస్తే, సిబ్బంది వచ్చి ఒక పూటలో పూత అతికించి పోతారు. దాచిపెడితే, ఆ గొట్టం పక్కన కాపురమున్నవారు ఆ గీతతోనే సంవత్సరాల తరబడి బ్రతకవలసి వస్తుంది.